నాప్ కితాబ్

ఇషా అయిపోయింది. పిల్లలు పడుకున్నారు. వంటింట్లో బియ్యం డబ్బా మీద ఫోన్‌ని చెంబుకు ఆనించి నిలబెట్టి, ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. ఫోన్‌లో మా చోటీ. హైదరాబాద్ టోలీచౌకీలో ఉంటుంది. మూడేళ్ళుగా ఇంట్లోంచే నౌక్రీ చేస్తోంది. నాకంటే పదకొండేళ్ళు చిన్నది. దానికి అలిఫ్ బే తే నేర్పింది నేనే. ఆ రాత్రి మాత్రం అది ఎగ్జామినరు, నేను స్టూడెంటు.

"రెడీనా ఆపా? బిస్మిల్లా అను. టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్."

నోరు తెరిచాను. పేరు చెప్పాను. కర్నూలు అన్నాను. తర్వాత "ఐ యామ్ జస్ట్ ఎ హౌస్‌వైఫ్" అన్నాను. ఆ "జస్ట్" ఎక్కడినుంచి ఊడిపడిందో తెలీదు. ఆపైన "సారీ, నా ఇంగ్లీషు అంత బాగుండదు" అన్నాను. "తొమ్మిదేళ్ళ నుంచి ఏం పని చేయలేదు, సారీ" అని కూడా అన్నాను.

చోటీ కాసేపు ఏం మాట్లాడలేదు. నెట్ ఆగిందేమో అనుకున్నా. "ఆపా, నేను నీ పరిచయం అడిగితే నువ్వు మాఫీ అడుగుతున్నావేంటి?" అంది.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆ పీట మీదే కూర్చున్నాను. అమ్మీ నీళ్ళకోసం లేచి వచ్చి, "క్యా గే, అకేలీ బైఠీ?" అంది. ఏం లేదన్నాను.

నాకు ఈ నౌక్రీ షౌక్ కొద్దీ కాదు. మా ఆయనది బుర్ఖాల దుకాణం. బుర్ఖాలు, హిజాబులు, టోపీలు, ఇత్తర్లు. ఒకప్పుడు రంజాన్ నెల గల్లా ఆరు నెలల ఇల్లు నడిపేది. ఇప్పుడు అమ్మాయిలు ఫోన్‌లోనే కొంటున్నారు, తప్పు వాళ్ళది కాదు. పెద్దది ఇంటర్ రెండో ఏడు. దాని చదువు ముందుంది. బయటికెళ్ళి చేద్దామంటే అమ్మీ నాతోనే ఉంటోంది, మోకాళ్ళు పనిచేయవు. ఇంట్లోంచి చేసే పని తప్ప నాకు వేరే రాస్తా లేదు.

ఆ రాస్తాలో ఒకసారి కాలు వేసి పడ్డాను కూడా. పోయిన సాల్ రంజాన్‌లో వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. ఇంట్లో కూర్చుని ఫారాలు నింపండి, నెలకు 18,000. రిజిస్ట్రేషన్ 2,500. ఈద్ బట్టల కోసం దాచిన పైసలు కట్టాను. అయిదు రోజుల్లో 500 ఫారాలు ఇచ్చారు. తరావీహ్ అయ్యాక మొదలుపెట్టి సెహ్రీ దాకా టైపు చేశాను. ఆరో రోజు "మీ పనిలో తప్పులెక్కువ, ఒప్పందం తప్పారు" అంటూ ఒక వకీల్ నోటీసు పీడీఎఫ్ వచ్చింది. జుర్మానా కట్టకపోతే కోర్టుకు లాగుతాం అని. వారం రోజులు మా ఆయనకు చెప్పలేదు. రోజా ఉండి అబద్ధం మోస్తున్నానన్న బోజ్ ఒకటి, పోలీసులొస్తారేమోనన్న ఖౌఫ్ ఒకటి. చివరికి చెప్పాను. ఆయన తెలిసిన వకీల్ సాబ్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన కాగితం చూసి నవ్వాడు. "ఇది నోటీసు కాదమ్మా, బెదిరింపు. జవాబివ్వొద్దు, పైసా కట్టొద్దు, 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి" అన్నాడు. రాయించాం. డబ్బు రాలేదు.

ఇలాంటివి మీలో ఎవరికైనా వస్తే నా మాట వినండి. పనిచ్చేవాడు మనకు పైసలివ్వాలి, మన దగ్గర తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్ అనీ, ట్రైనింగ్ కిట్ అనీ, లాప్‌టాప్ డిపాజిట్ అనీ ఏ పేరు పెట్టి అడిగినా అక్కడే సలాం చెప్పేయండి. ముఖం చూడకుండా, ఒక్క సవాల్ అడక్కుండా నౌక్రీ ఇచ్చేస్తున్నారంటే అది నౌక్రీ కాదు. ప్రకటన ఎక్కడ కనబడినా ముందు ఆ కంపెనీ సొంత వెబ్‌సైట్‌కి వెళ్ళి, ఉద్యోగాల పేజీలో అదే పోస్టు ఉందో లేదో చూస్తున్నాను ఇప్పుడు. మెయిల్ కంపెనీ పేరు మీద వచ్చిందా, మామూలు జీమెయిల్ నుంచి వచ్చిందా అని చూస్తున్నాను. అప్పుడే చూసి ఉంటే ఈద్‌కి చిన్నవాడికి కొత్త కుర్తా ఉండేది.

పైసలు పోయిన దానికంటే ఎక్కువ బాధ ఇంకొకటి. ఎవరైనా పని గురించి అడిగితే నాకేం రాదులే అనే జవాబు నాలుక చివర తయారుగా ఉండడం మొదలైంది. దానికి తెలుగులో ఆత్మవిశ్వాసం లేకపోవడం అంటారు. ఆ మాట నాకెప్పుడూ వక్తృత్వ పోటీలో వినబడే మాటలా ఉంటుంది. మా ఇంట్లో హిమ్మత్ అంటాం, భరోసా అంటాం. హిమ్మత్ రక్తంలో ఉండాలంటారు. భరోసా అయితే ఎవరో ఒకరు ఇవ్వాలి. నా రక్తంలో ఏముందో తెలీదు గానీ, భరోసా ఎవరిచ్చారో చెప్తాను.

మా అబ్బా దర్జీ. పాతబస్తీలో చిన్న దుకాణం, రెండు మిషన్లు. షేర్వాణీలు, పఠాన్ సూట్లు, మగపిల్లల కుర్తా పైజామాలు. ఆయన దగ్గర ఒక లావుపాటి రిజిస్టర్ ఉండేది. నాప్ కితాబ్ అనేవాళ్ళం. ఒక్కో పేజీకి ఒక్కో గాహక్. పేరు, కొలతలు, ఇచ్చిన తారీఖు, డెలివరీ తారీఖు, అన్నీ ఉర్దూలో, చీమల్లాంటి అక్షరాల్లో. రంజాన్ ఇరవయ్యో రోజు వచ్చి "ఈద్‌కి అవుతుందా ఉస్తాద్?" అని అడిగేవాళ్ళు. పక్క దుకాణాల్లో అందరికీ హౌ హౌ అనేవాళ్ళు, చాంద్ రాత్ నాడు గొడవలయ్యేవి. అబ్బా మనిషి ముఖం చూసేవాడు కాదు. కితాబ్ తెరిచేవాడు. వేలితో లెక్కపెట్టేవాడు. చేతిలో ఎన్ని ఉన్నాయి, ఎన్ని కటింగ్ అయ్యాయి, ఎన్నిటికి కాజాలు బాకీ. అప్పుడు తలెత్తి "అవుతుంది" అనేవాడు, లేదా "నక్కో భాయ్, అవదు" అనేవాడు. రెండూ ఒకే గొంతుతో చెప్పేవాడు. ఆ గొంతు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

2009 అక్టోబర్‌లో తుంగభద్ర పాతబస్తీ మీదికి వచ్చినప్పుడు దుకాణం మునిగింది. మిషన్లు బురదలో దొరికాయి. బట్టలు పోయాయి. నాప్ కితాబ్‌ని మాత్రం అబ్బా ముందే చంకలో పెట్టుకుని మేడ ఎక్కాడు. నా డిగ్రీ సర్టిఫికెట్లు ట్రంకుపెట్టెలో ఉండిపోయాయి. ఇప్పటికీ నా బీఎస్సీ మెమో మీద ఎడమ మూల చాయ్ రంగు మరక. తుంగభద్ర సంతకం అని నవ్వేవాడు అబ్బా.

2016లో ఆయనకు ఫాలిజ్ వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. కత్తెర పట్టే చెయ్యి. నేను పదేళ్ళుగా చేస్తున్న టీచర్ నౌక్రీ మానేశాను. 2023లో ఆయన ఇంతెకాల్ అయ్యేవరకు ఏడేళ్ళు నేనూ అమ్మీ చూసుకున్నాం. తర్వాత అలాగే ఉండిపోయాను.

చోటీతో ఆ రాత్రి అయిన మర్నాడు, ట్రంకుపెట్టెలో మెమో వెతుకుతుంటే అడుగున నాప్ కితాబ్ తగిలింది. అట్ట ఊడిపోయింది. తెరిచి, సగం మంది ఇప్పుడు లేని మనుషుల కొలతలు చదువుకుంటూ కూర్చున్నాను. అప్పుడు అనిపించింది, చోటీ అడిగినదానికి నేను తడబడింది ఇంగ్లీషు రాక కాదు, నా దగ్గర కితాబ్ లేక. అబ్బాని ఎవరైనా ఏం చేస్తారని అడిగితే ఆయన గుండెలోకి చూసుకోలేదు, పేజీ చూశాడు. నేను పేజీలో ఏం రాశాను గనక?

పాప పాత నోట్‌బుక్ ఒకటి తీసుకున్నాను. మూడు వారాలు, చేసిన ప్రతి పనీ రాశాను. వంట, బట్టలు కాదు. పైసలకో, చదువుకో, మనుషులతో వ్యవహారానికో సంబంధించినవి మాత్రం. దుకాణం వాట్సాప్ నా ఫోన్‌లోనే ఉంటుంది. ఆర్డర్లు నేనే తీసుకుంటాను. నంద్యాల, ఆదోని, గద్వాల, రాయచూరు, ఎక్కడెక్కడి నుంచో అడుగుతారు. తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన ఉర్దూలో. ఒక నెల చాట్‌లు వెనక్కి వెళ్ళి లెక్కపెట్టాను, గీతలు గీసి, అయిదుకో అడ్డగీత. 312. నాకే నమ్మబుద్ధి కాలేదు, మళ్ళీ లెక్కపెట్టాను. అందులో ఫిర్యాదులు 47. పొడుగు చాలలేదని, రంగు వేరని, కొరియర్ రాలేదని. వెనక్కి వచ్చిన బుర్ఖాలు 4. రెండేళ్ళ కిందటి నెల ఒకటి చూస్తే 11 వెనక్కొచ్చాయి. ఏం మారింది? అప్పుడు గుర్తొచ్చింది. సైజులు 52, 54, 56 అని ఉంటాయి కదా, అవి అంగుళాల పొడుగు అని చాలామందికి తెలీదు. భుజం నుంచి మడమ దాకా ఎలా కొలుచుకోవాలో నేనే ఒక వీడియో తీసి పెట్టాను, మా పాపని నిలబెట్టి. దర్జీ కూతుర్ని కదా, నాప్ చెప్పకుండా ఉండలేను. అందరూ అడిగే సవాళ్ళకి జవాబులు ముందే రాసి, ఒక్క నొక్కుతో వెళ్ళేలా పెట్టుకున్నాను. అవి 14.

ఈ లెక్క చూసి మా ఆయన "ఇదంతా నువ్వే చేస్తున్నావా?" అన్నాడు. ఎదురుగా కూర్చుని చేస్తుంటే తొమ్మిదేళ్ళు కనబడలేదు, అంకెల్లో రాస్తే కనబడింది. "తన్ఖా అడుగుతావా ఏంటి?" అని నవ్వాడు. నేను నవ్వలేదు. కాసేపయ్యాక ఆయనే చాయ్ పెట్టి తెచ్చాడు.

చోటీకి నోట్‌బుక్ ఫోటోలు పంపాను. అది ఫోన్ చేసి అరిచింది. "ఆపా, దీన్నే కస్టమర్ సపోర్ట్ అంటారు. నేను ఇదే చేసి తన్ఖా తీసుకుంటున్నా."

రెజ్యూమె తయారు చేయడం ఇంకో తమాషా. మా పాప షౌక్‌గా కాన్వాలో ఒకటి చేసింది. గులాబీ రంగు పట్టీ, గుండ్రంగా నా ఫోటో, రెండు వరుసలు, ఇంగ్లీషుకి మూడున్నర చుక్కలు. చోటీ చూసి, "షాదీ కార్డులా బాగుంది, పక్కన పెట్టండి" అంది. చాలా కంపెనీల్లో ముందు మనిషి కాదు, సాఫ్ట్‌వేర్ చదువుతుందట. ఇలాంటి వరుసలు, డబ్బాలు, బొమ్మలు ఉంటే అది గందరగోళపడి సగం అక్షరాలు వదిలేయొచ్చట. తెల్ల కాగితం, ఒకే వరుస, మామూలు అక్షరాలు, ఒక్క పేజీ. నేను పాత అలవాటు కొద్దీ భర్త పేరు, పుట్టిన తారీఖు, మతం, కింద "ఐ హియర్‌బై డిక్లేర్" అని ప్రమాణం, అన్నీ రాశాను. చోటీ అన్నీ కొట్టేసింది. "రిష్తా బయోడేటా కాదు ఆపా ఇది."

"రెస్పాన్సిబుల్ ఫర్ కస్టమర్ రిలేషన్స్" లాంటి పెద్ద మాటలు ఎక్కడో చూసి రాసుకున్నాను. అవీ పోయాయి. వాటి జాగాలో ఉన్నది ఉన్నట్టు. నెలకు దాదాపు 300 చాట్‌లు, మూడు భాషల్లో. సైజు గైడ్ వీడియో చేశాక వాపసులు నెలకు 11 నుంచి 4కి తగ్గాయి. పదేళ్ళు ఆరు, ఏడు, ఎనిమిది క్లాసులకు సైన్సు, ఇంగ్లీషు. ఇంటి దగ్గర 11 మంది పిల్లలకు ట్యూషన్. చదువుకుంటే నా గురించే అనిపించింది. పెద్ద మాటలు రాసినప్పుడు ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో అని దడ ఉండేది. ఇవి ఎవరు అడిగినా చెప్పగలను, ఎందుకంటే జరిగినవి.

ఒక్క చోట మాత్రం చాలా రోజులు ఆగిపోయాను. 2016 నుంచి 2023. ఆ ఏడేళ్ళు ఏం రాయాలి? కొందరు ఆ జాగాలో ఫ్రీలాన్స్ అని ఏదో ఒకటి పెట్టేయమన్నారు. ఝూట్‌తో మొదలయ్యే రోజీలో బరకత్ ఏముంటుంది? చోటీ "ఫ్యామిలీ కేర్‌గివర్ అని రాయి, ఇప్పుడు అందరూ రాస్తున్నారు, దాంట్లోంచి ఓర్పు, టైమ్ మేనేజ్‌మెంట్ అని హునర్లు కూడా చూపించొచ్చు" అంది. అది నా చేతులకు రాలేదు. అబ్బాని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పింది, చెంచాతో గంజి పట్టింది, మాట రాక ఆయన ఏడ్చిన రాత్రులు, అది ఖిద్మత్. అల్లాహ్ కోసం చేసింది. దాన్ని తన్ఖా కోసం కాగితం మీద అమ్ముకుంటే సవాబ్ ఉంటుందా?

అమ్మీని అడిగాను. తస్బీహ్ తిప్పుతూ ఆగింది. "నువ్వు చేశానని చెప్పడం వేరు, చేశాను కాబట్టి ఇవ్వండి అనడం వేరు బేటీ. మొదటిది రాయి" అంది.

అలాగే రాశాను. ఒకే వాక్యం. ఈ ఏళ్ళలో జబ్బుపడిన తండ్రిని చూసుకున్నాను, అదే సమయంలో కుటుంబ దుకాణం ఆర్డర్లు నడిపాను. హునర్లు, ఓర్పు, ఏమీ పిండలేదు. చోటీ ఒప్పుకోలేదు, ఇప్పటికీ నాది తప్పే అంటుంది. ఉండనీ.

పేరు గురించి కూడా ఒక మాట. నా పేరు చివర బేగం ఉంది. బంధువుల్లో ఒకాయన, మంచి మనసుతోనే, పేరు పొట్టిగా రాయమన్నాడు. మొదటి అక్షరం, ఇంటిపేరు, అంతే. "ముందు లోపలికి పోనీ, తర్వాత తెలిస్తే తెలుస్తుంది" అన్నాడు. ఆయన భయం ఝూట్ అని నేననను. కిరాయి ఇల్లు వెతికినవాళ్ళం, ఫోన్‌లో పేరు చెప్పగానే అవతలి గొంతు ఎలా మారుతుందో తెలిసినవాళ్ళం. కానీ సర్టిఫికెట్ల మీద ఒక పేరు, రెజ్యూమె మీద ఒక పేరు ఉంటే రేపు కాగితాలు చూసేటప్పుడు అదో తలనొప్పి. పైగా నౌక్రీ వస్తే రోజుకు ఎనిమిది గంటలు ఆ సగం పేరుకి పలకాలి. పూర్తిగా రాశాను. నా పేరు నచ్చనివాళ్ళు మొదట్లోనే వెళ్ళిపోతే నాకే టైము మిగులుతుంది.

హిజాబ్ సంగతి అంత కష్టం కాలేదు, నవ్వొచ్చింది. కెమెరా పెట్టి చూసుకుంటే వెనక బీరువా ముదురు రంగు, నా హిజాబ్ నలుపు. ముఖం ఒక్కటే గాల్లో తేలుతోంది. దుకాణంలోంచి లేత నీలం హిజాబ్ తెచ్చుకుని, కిటికీకి ఎదురుగా తిరిగి కూర్చున్నాను. మనిషిలా కనబడ్డాను.

ఈ తయారీ అంతా మొహల్లాలో దాగుతుందా? మా ఫుప్పు వచ్చింది. "రాత్రిపూట పరాయి మగాళ్ళతో ఫోన్‌లో మాట్లాడే నౌక్రీనా? మన ఖాందాన్‌లో ఎవరు చేశారు?" అంది. నేను జవాబు వెతుక్కుంటున్నాను. అమ్మీ మంచం మీద నుంచే అంది: "హజ్రత్ ఖదీజా రజియల్లాహు అన్హా మక్కాలో ఇంట్లో కూర్చునే షామ్ దాకా మాల్ పంపించి తిజారత్ చేయలేదా ఆపా? సరుకు ఒంటెల మీద పోయేది. ఇది ఫోన్‌లో పోతుంది." ఫుప్పు చాయ్ తాగి వెళ్ళింది. ఒప్పుకుందని కాదు, కానీ మర్నాడు తన మనవరాలి రెజ్యూమె కూడా చూడమని కబురు పెట్టింది.

ఫుప్పు అన్నదాంట్లో రాత్రి అనే మాట మాత్రం నిజంగా ఆలోచించాల్సిందే. ప్రకటనలో రిమోట్ అని ఉండగానే సంతోషపడిపోతాం. కింద చిన్న అక్షరాల్లో ఏ దేశం వాళ్ళకో, ఏ టైముకో ఉంటుంది. కొన్ని అమెరికాలో ఉన్నవాళ్ళకే. కొన్నిటికి వారంలో రెండు రోజులు ఆఫీసుకి రావాలి, దాన్ని హైబ్రిడ్ అంటారు. అమెరికా తూర్పు తీరంలో పొద్దున తొమ్మిదంటే మనకు ఎండాకాలం సాయంత్రం 6:30, చలికాలం 7:30. వాళ్ళు ఏడాదికి రెండుసార్లు గడియారం జరుపుతారు, మనం జరపం. అంటే జూన్‌లో డ్యూటీ మొదలైన అరగంటకల్లా మగ్రిబ్. ముగిసేసరికి రెండున్నర దాటుతుంది. రెండు గంటలు పడుకుని ఫజర్‌కి లేవాలి, పిల్లలకు డబ్బాలు కట్టాలి. పాతికేళ్ళ వయసులో చేయొచ్చు, 41లో నా వల్ల కాదు. లండన్ టైము అయితే ఎండాకాలం మధ్యాహ్నం 1:30కి మొదలు, చలికాలం 2:30కి. జొహర్ చదివి కూర్చోవచ్చు. అసర్, మగ్రిబ్, ఇషా మధ్యలో వస్తాయి, ఒక్కోదానికి పది నిమిషాలు. చాయ్ బ్రేక్ తీసుకునేవాళ్ళకి అంతే పడుతుంది. అందుకని అమెరికా షిఫ్టులన్నీ వదిలేశాను. జాబితా సగమైంది. దిల్ తేలికైంది. ఏది మనకు కాదో తెలిశాక మిగిలినదాన్ని గట్టిగా అడగొచ్చు.

చాలా ఉద్యోగాలు కాంట్రాక్టు పద్ధతిలో ఉన్నాయి. పీఎఫ్ ఉండదు, సెలవు తీసుకుంటే ఆ రోజు తన్ఖా ఉండదు, టాక్స్ మనమే చూసుకోవాలి. నెలకు ఇంత అని చూసి మురిసిపోకుండా అవి తీసేసి లెక్కేసుకోవాలి. ఈద్ రోజు కూడా వాళ్ళకు మామూలు రోజే.

సామాను సంగతి తక్కువలో చెప్తాను. సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్, 8 జీబీ రామ్. ఇంటర్నెట్‌లో డౌన్‌లోడ్ ఎంతని అందరం చూస్తాం, మన గొంతూ ముఖమూ అవతలికి వెళ్ళేది అప్‌లోడ్‌లో. మూడు నాలుగు ఎంబీపీఎస్ నిలకడగా ఉంటే వీడియో కాల్‌కి చాలు. మా ఇంట్లో కరెంటు పోతే ఫ్యాను తిరిగేది, నెట్ పోయేది. రౌటర్‌ని కూడా ఇన్వర్టర్ లైన్‌లోకి మార్పించాను. ఎలక్ట్రీషియన్‌కి 300. ఫోన్‌లో వేరే కంపెనీ సిమ్ వేసి పెట్టుకున్నాను, ఇది పోతే అది.

తర్వాత ప్రాక్టీసు. రోజూ ఇషా తర్వాత బియ్యం డబ్బా ముందు. నన్ను నేను రికార్డు చేసుకుని వినడం మొదటి వారం నరకం. "ఐ యామ్ హ్యావింగ్ టెన్ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్" అంటున్నాను, ప్రతి రెండు మాటలకు "యాక్చువల్లీ" అంటున్నాను. పదేళ్ళు పిల్లలకు ఇంగ్లీషు చెప్పినదాన్ని. కానీ మెల్లగా ఒకటి అర్థమైంది. జవాబులు బట్టీ పట్టిన రోజు ఒక్క మాట మర్చిపోతే మొత్తం కూలిపోయేది. జరిగింది గుర్తుచేసుకుంటూ చెప్పిన రోజు మాటలు తప్పినా ఖిస్సా సాగేది. అందుకని బట్టీ మానేసి, నోట్‌బుక్‌లోంచి ఆరు ఖిస్సాలు తీసి పెట్టుకున్నాను. కోపంగా ఉన్న గాహక్ ఒకరు, నేను చేసిన ఘల్తీ ఒకటి, కొత్తగా నేర్చుకున్నది ఒకటి, ఇలా. ఏమైంది, నేనేం చేశాను, చివరికి ఏమైంది. సవాల్ ఎలా తిప్పి అడిగినా ఆ ఆరింటిలో ఒకటి సరిపోతోంది.

ఇన్ని చేశాక కూడా మొదటి అప్లికేషన్ పంపడానికి నాలుగు రోజులు పట్టింది. ప్రకటనలో తొమ్మిది అర్హతలు అడిగారు. నాకు ఆరున్నాయి. మూడు లేవు కదా అని మూసేస్తున్నాను, తెరుస్తున్నాను. చోటీ అంది, "తప్పనిసరి అన్నవేవి, ఉంటే మంచిది అన్నవేవి, విడివిడిగా చదువు." చదివితే లేని మూడింటిలో రెండు, ఉంటే మంచిది కింద ఉన్నాయి. మూడోది వాళ్ళు వాడే ఒక టికెటింగ్ సాఫ్ట్‌వేర్. యూట్యూబ్‌లో రెండు రాత్రులు చూశాను. వచ్చని రాయలేదు, నేర్చుకుంటున్నానని రాశాను. రెండు రకాతులు నఫిల్ చదివి, సెండ్ నొక్కాను. చెయ్యి వణికింది.

ఏడు పంపాను. నాలుగింటి నుంచి జవాబే లేదు. ఒకటి, మర్యాదగా వద్దంది. ఒకటి, రాత పరీక్ష పెట్టి ఊరుకుంది. ఏడోది ఇంటర్వ్యూకి పిలిచింది. పిల్లల ఆన్‌లైన్ చదువుల కంపెనీ. తల్లిదండ్రుల మెయిళ్ళకు, చాట్‌లకు జవాబులు రాసే పని. లండన్ టైము.

మన టైములో సాయంత్రం 4:30. పిల్లల్ని దుకాణానికి పంపాను. అమ్మీ లోపలి గదిలో వజీఫా పట్టింది. అవతల ఒక ఆడమనిషి, నా వయసే ఉంటుంది. సవాల్ అదే. టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్. పదేళ్ళు టీచర్‌ని, తర్వాత మా అబ్బాని చూసుకున్నాను, దుకాణం చాట్‌లు నెలకు మూడొందలు, ఇవీ చెప్పాను. మాఫీ అడగలేదు.

విసిగిపోయిన కస్టమర్ గురించి చెప్పమంది. నిఖా ముందురోజు 56 బదులు 52 వెళ్ళిన బుర్ఖా ఖిస్సా మొదలుపెట్టాను. ఆ అమ్మాయి తల్లి ఏడుస్తూ ఆదోని నుంచి వాయిస్ మెసేజ్ పంపింది. తప్పు నాదే, రెండు పార్సిళ్ళ చీటీలు మార్చాను. అదే రాత్రి ఆదోని బస్సు కండక్టర్ చేతికి సరైనది ఇప్పించి పంపాం. సగం చెప్పానో లేదో మసీదులోంచి అసర్ అజాన్ మొదలైంది. మా ఇంటికీ మినార్ మైకుకీ మధ్య రెండిళ్ళే. ప్రాక్టీసులో కోడి కూత, ప్రెషర్ కుక్కర్, అన్నీ అనుకున్నాం, ఇది మర్చిపోయాం. "ఇది మా పక్క మసీదు అజాన్. రెండు మూడు నిమిషాలు ఆగి చెప్పనా?" అన్నాను. "తప్పకుండా" అంది. మ్యూట్ చేసి, తల మీద దుపట్టా సర్దుకుని, అజాన్‌కి జవాబు చదువుకున్నాను. అయిపోయాక ఆమె, "బుర్ఖా టైముకి అందిందా?" అని అడిగింది.

అందిందన్నాను.

పది రోజుల్లో చెప్తామన్నారు. ఇవాళ ఆరో రోజు. చోటీ రోజుకు రెండుసార్లు ఫోన్ చేసి అడుగుతోంది, మా ఆయన అడక్కుండా ముఖం చూస్తున్నాడు. ఈ పొద్దున ఫజర్ అయ్యాక ఇంకో ప్రకటన కనబడింది. లండన్ టైమే. కంపెనీ పేజీలో చూశాను, ఉంది. ఎనిమిది అడిగారు, నాకు ఆరున్నాయి. పంపేశాను. నోట్‌బుక్‌లో 8 అని వేసి తారీఖు రాశాను. ఫుప్పు మనవరాలు పదింటికి వస్తానంది, దాని చేత ముందు ఒక నోట్‌బుక్ కొనిపించాలి.